మిలం: పటం గీసినవారి ఊరు

యేనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసునుండి కాశీయాత్రకు బయలుదేరినది 1830 మే 18వ తేదీన. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆ పెద్దమనిషి పల్లకీలో కూర్చుని, ఏ మజిలీ ఎన్ని ఆమడలో, ఏ ఊళ్ళో నీటివసతి ఎట్లున్నదో దినచర్యగా వ్రాసుకుంటూ కడప మీదుగా, హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి సాగిపోయారు. ఆ యాత్ర ఇంకా నడుస్తున్న రోజులలోనే, అదే సంవత్సరం అక్టోబరులో, హిమాలయాలలోని మిలం అనే గ్రామానికి చెందిన ఒక కుటుంబంలో నైన్ సింగ్ రావత్ జన్మించాడు. అతడు కూడా పెరిగి పెద్దవాడై దారులు కొలిచాడు. అయితే అతనికి పల్లకీ లేదు. తన అడుగులనే కొలమానం చేసుకుని, జపమాల పూసలమీద లెక్క పెట్టుకుంటూ టిబెట్టు నడిబొడ్డు వరకు నడిచి వెళ్ళాడు. వీరాస్వామయ్యగారి కొలతలు ఆయన తరువాత కాశీకి పోయే యాత్రికులకు ఉపయోగపడ్డాయి. నైన్ సింగ్ కొలతలు ఎవరికి ఉపయోగపడ్డాయి, అతని ఊరికి ఏమి మిగిల్చాయి అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతూ వచ్చింది.

ఢిల్లీలో స్థిరపడిన తెలుగువాడికి హిమాలయాలు దూరమూ కావు, దగ్గరా కావు. వేసవి సెలవులకు నైనీతాలు, ముస్సోరీ వెళ్ళి రావడంతో ఆ ముచ్చట తీరిపోతుంది. నా విషయంలో కూతూహలం మొదలైనది కొండలమీద కాదు, జనపథ్‌లోని జాతీయ అభిలేఖాలయంలో. సర్వే శాఖవారి పాత పటాలూ లేఖలూ అక్కడ భద్రపరచబడి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దపు పటాలలో హిమాలయాల ఇవతలి భాగం అంగుళమంగుళం నిండి ఉంటుంది. అవతలి భాగం చాలావరకు తెల్లకాగితం. ఆ తెల్లకాగితం మీద తొలి నల్లగీతలు గీయడానికి కావలసిన అంకెలు తెచ్చినవారు ఎక్కువమంది ఒకే లోయవారు, అందులోనూ ముఖ్యులు ఒకే ఊరివారు. ఆ ఊరిని చూడాలని ఒక వసంతంలో బయలుదేరాను.

ఈ కథకు మొదలు మన ప్రాంతాలతో ముడిపడి ఉన్నదని చెబితే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు పరంగిమల దగ్గర గొలుసుతో నేలను కొలవడం ప్రారంభించినప్పుడు, ఆ కొలత హిమాలయాల దాకా పోతుందని ఎవరూ అనుకోలేదు. త్రిభుజాలమీద త్రిభుజాలు పేర్చుకుంటూ ఆ సర్వే దక్కనుకు వచ్చింది. 1818లో దానికి మహా త్రికోణమితి సర్వే అని పేరు పెట్టారు. ఆ కాలంలోనే జార్జి ఎవరెస్టు లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు చేరాడు. మరుసటి సంవత్సరం కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులలో కొలతలు తీస్తూ మన్యపు జ్వరం పాలై, బృందంలో అనేకమందితోపాటు మంచాన పడి, కోలుకోవడానికి చివరకు దక్షిణాఫ్రికా వెళ్ళవలసి వచ్చింది. ప్రపంచంలో అత్యున్నత శిఖరానికి పేరిచ్చిన మనిషి, మన మన్యంలో ప్రాణాలు పోగొట్టుకోబోయి బయటపడ్డాడన్న మాట. ఆనాడు ఆ అడవులలో పరికరాలు మోసినవారి పేర్లు పటాలమీద లేవు. ఈ సంగతి గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

ఢిల్లీనుండి రాత్రి రైలులో కాఠ్‌గోదాం, అక్కడినుండి అల్మోడా మీదుగా మున్స్యారీ. రెండు రోజుల ప్రయాణం. మున్స్యారీ ఊరి ఎదుట పంచచూలి శిఖరాలు ఐదు వరుసగా నిలబడి ఉంటాయి. యాత్రికులు వాటిని చూడడానికే అక్కడికి వస్తారు. నేను మాత్రం మొదట వెళ్ళినది ఒక ఇంటికి. షేర్ సింగ్ పాంగ్తీ అనే ఉపాధ్యాయుడు తన జాతివారి వస్తువులను జీవితమంతా ఏరికూర్చి స్థాపించిన చిన్న సంగ్రహాలయమది. ఆయన ఇప్పుడు లేరు. ఆయన ఏర్చిన వస్తువులు ఉన్నాయి. ఉన్ని వడికే కదురులు, చెక్క పాత్రలు, తివాచీలు, వాటి నడుమ తోలుతోనూ ఉన్నితోనూ కుట్టిన జంట సంచులు. వీటిని కర్బచ్ అంటారు. గొర్రె వీపుమీద ఇరువైపులా వ్రేలాడేటట్లు వేసి, ఒక వైపు బియ్యమో బార్లీయో, రెండో వైపు బెల్లమో నింపేవారు. గొర్రె సరుకు మోయడమేమిటని మైదానపువాళ్ళకు తోచవచ్చు. గుర్రం కాలు నిలవని చోట గొర్రె నిలుస్తుంది. దారి పొడుగునా దాని మేత అదే చూసుకుంటుంది. వేలకొద్దీ గొర్రెలు, మేకలు అలా సరుకులు మోసుకుంటూ కనుమలు దాటేవి.

గోరీగంగ నది పుట్టిన ఆ లోయకు జోహార్ అని పేరు. అక్కడివారు శౌకాలు. ప్రభుత్వ పత్రాలలో భోటియాలు. వారిది ఏడాదికి రెండు ఇళ్ళ జీవితం. చలికాలంలో మున్స్యారీకీ, ఇంకా దిగువ లోయలకూ దిగివస్తారు. మంచు కరగగానే పిల్లాపాపలతో, మందలతో, వంటపాత్రలతో పైకి ఎక్కుతారు. పై ఊళ్ళలో బార్లీ, ఫాఫర్ అనే కొండధాన్యం విత్తి, స్త్రీలను, వృద్ధులను అక్కడ ఉంచి, మగవారు ఇంకా పైకి, టిబెట్టులోని జ్ఞానిమా సంతకు వెళ్ళేవారు. ధాన్యం, బెల్లం, నూలుబట్ట అటు. ఉన్ని, ఉప్పు, వెలిగారం ఇటు. దారిలో ఊంటాధురా, జయంతి, కుంగ్రీబింగ్రీ అనే మూడు కనుమలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటి నడుమ మకాం చేయడానికి మేతా కట్టెలూ దొరకవు కనుక మూడింటినీ ఒక్క బిగిన దాటేవారు. వ్యాపారం అంగడిలో బేరమాడే తరహాది కాదు. ప్రతి శౌకా కుటుంబానికీ అవతల ఒక టిబెట్టు కుటుంబం మిత్రుడిగా ఉండేది. ఆ మైత్రి తండ్రినుండి కొడుక్కు వచ్చేది. ఒప్పందం కుదిరినప్పుడు ఒక రాతిని రెండుగా పగులగొట్టి చెరొక ముక్క దాచుకునేవారు. తగవు వచ్చినా, తరాలు మారినా, రెండు ముక్కలూ కలిపి చూస్తే అతికితే చాలు. స్టాంపు కాగితాలతో తలమునకలయ్యే మన కార్యాలయాలకు ఈ పద్ధతి కొంత అసూయ కలిగించక తప్పదు.

మున్స్యారీనుండి మిలం పాత కాలిబాటన సుమారు 60 కిలోమీటర్లు. మోటారు రోడ్డు నిర్మాణం ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చింది కాబట్టి దారిలో కొంతభాగం యంత్రాల దుమ్ము, కొంతభాగం పూర్వపు నిశ్శబ్దం. లీలం దాటిన తరువాత లోయ ఎంత ఇరుకవుతుందంటే, ఆకాశం నదికంటే వెడల్పుగా కనిపించదు. దిగువన మార్చి నెలలోనే ఎర్రగా పూసి రాలిపోయిన బురాంశ్ పూలు బుగ్డియార్ దగ్గరకు వచ్చేసరికి ఇంకా మొగ్గలమీద ఉన్నాయి. అంటే మనం పైకి ఎక్కుతున్నకొద్దీ వసంతం వెనక్కి నడుస్తుంది. చలికాలంలో కొండచరియలనుండి జారిపడ్డ మంచు నదిమీద వంతెనలాగా గడ్డకట్టి ఉన్నది. దాని క్రింద గోరీగంగ హోరు వినబడుతుందేగాని నీరు కనబడదు. ఇంకా పైకి పోతే చెట్లు అన్నీ ఆగిపోయి భూర్జవృక్షాలు మాత్రం మిగులుతాయి. కాళిదాసులో భూర్జపత్రం గురించి చదివి పరీక్షలలో అర్థాలు వ్రాసిన నాకు, ఆ బెరడు చేతికి తగిలినప్పుడు ఉల్లిపొరలాగా ఊడి వస్తుందని అప్పటికి గాని తెలియలేదు.

మార్తోలీలో నందాదేవి గుడి ఉన్నది. ఊరి పేర్లే ఇంటిపేర్లు కావడం జోహార్ ఆచారం. మార్తోలీవారు మార్తోలియాలు, బుర్ఫూవారు బుర్ఫాల్‌లు. ఢిల్లీ కార్యాలయాలలో తలుపులమీద ఇటువంటి ఇంటిపేర్లు చూసినప్పుడు ఇవి ఊళ్ళని నాకు ఎన్నడూ స్ఫురించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మిలం చేరాను. సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున, గోరీగంగలో గోంఖా ఏరు కలిసేచోట, విశాలమైన తిన్నెమీద ఉన్నదా ఊరు. ఊరు అన్నాను గాని, మొదట చూసేవారికి అది రాళ్ళకుప్పలా తోస్తుంది. ఒకప్పుడు కుమావూన్ కొండలలోకెల్లా పెద్ద గ్రామాలలో ఒకటిగా పేరుపొందిన మిలం ఇళ్ళలో అత్యధికం పైకప్పులు కూలి, గోడలు మాత్రం నిలిచి ఉన్నాయి. కొన్ని ద్వారబంధాలమీద చెక్కిన పనితనం ఇంకా చెడలేదు. సందులు ఇరుకు, ఒకదానిలోనుండి ఇంకొకదానిలోకి మలుపులు తిరుగుతాయి. వాటిలో నడుస్తుంటే ఎంత జనం మసలిన ఊరో తెలిసిపోతుంది. ఊరికి కొంచెం దూరంలో సరిహద్దు పోలీసు దళంవారి మకాం. వాయవ్యంగా హర్‌దేవల్, త్రిశూలీ శిఖరాలు. వాటి పాదాలనుండి దిగివచ్చే మిలం హిమానీనదం.

వసంతంలో తిరిగివచ్చిన కుటుంబాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని ఉన్నాయి. ఒక వృద్ధుడు కూలిన ఇంటికి ఆనుకుని బాగుచేసుకున్న ఒంటి గదిలో నాకు చోటు ఇచ్చాడు. కుమావూనీలో అన్నను దాజ్యూ అంటారు; నేను ఆయనను అలాగే పిలిచాను. ఆయన భార్య వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ ఇచ్చింది. యువకులు ఎక్కడ అని అడిగితే దాజ్యూ పైనున్న పచ్చికబయళ్ళవైపు చూపించాడు. మంచు కరిగే రోజులలో అక్కడ కీడాజడీ దొరుకుతుంది. నేలలో గొంగళిపురుగు శరీరంనుండి శిలీంధ్రంగా మొలిచే ఆ పదార్థానికి చీనా వైద్యంలో విపరీతమైన గిరాకీ. కుర్రవాళ్ళు మంచులో బోర్లా పడుకొని పుల్లంత మొలకకోసం గంటలకొద్దీ వెదుకుతారు. “మా తాతలు టిబెట్టుకు సరుకు మోశారు. మా మనుమలు నేలమీద ప్రాకుతున్నారు. ఇద్దరి సరుకూ చివరకు అటువైపే పోతుంది” అని దాజ్యూ నవ్వాడు.

నైన్ సింగ్ ఈ సందులలోనే తిరిగినవాడు. తండ్రితోపాటు చిన్ననాడే టిబెట్టు సంతలకు వెళ్ళి ఆ భాష, ఆ మర్యాదలు నేర్చాడు. 1855లో జర్మనీనుండి వచ్చిన ష్లాగింట్‌వైట్ సోదరులకు సహాయకుడిగా పనిచేసి పరికరాలు వాడడం తెలుసుకున్నాడు. తరువాత మిలం బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. అందుకే సర్వేవారి రహస్యపత్రాలలో అతనికి పండిట్ అన్న పేరు స్థిరపడింది. అటుపైన ఆ పనిచేసిన ప్రతివాడూ, చదివినా చదవకపోయినా, పండిట్ అయిపోయాడు. 1863లో కెప్టెన్ మాంట్‌గోమరీ అతనినీ, అతని బంధువు మాని సింగ్‌నూ డెహ్రాడూన్‌కు పిలిపించి శిక్షణ ఇప్పించాడు. టిబెట్టు ప్రభుత్వం తెల్లవారిని రానివ్వదు. శౌకా వ్యాపారులను రానిస్తుంది. ఈ ఒక్క తేడామీద ఆ పథకమంతా నిలబడింది.

పరికరాలు యాత్రికుల వేషానికి తగినట్లు అమర్చారు. జపమాలకు ఉండవలసిన 108 పూసలకు బదులు 100 పూసలే. నూరు అడుగులకొకసారి ఒక పూస జారిస్తే, మాల ఒకసారి తిరిగేసరికి పదివేల అడుగులు. మైలుకు సుమారు 2,000 అడుగులు పడేటట్లు, ఎక్కినా దిగినా ఒకే అంగతో నడవడం సాధన చేయించారు. ప్రార్థనాచక్రంలో మంత్రపు చీటీ ఉండవలసినచోట కొలతలు వ్రాసుకునే కాగితం. పెట్టె అడుగున దొంగ అర. అందులో నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్. గవ్వలలో దాచిన పాదరసాన్ని రాత్రివేళ గిన్నెలో పోసి దానిలో చుక్క ప్రతిబింబం చూసి అక్షాంశం గుణించేవాడు. నీరు ఎంత వేడిమి దగ్గర మరుగుతున్నదో చూసి ప్రదేశపు ఎత్తు లెక్కగట్టేవాడు. 1865లో కాఠ్మండూనుండి బయలుదేరి, 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ ఒక్క ప్రయాణంలో సుమారు 1,200 మైళ్ళు, అంటే ఇరవై అయిదు లక్షలకు దగ్గరగా అడుగులు లెక్కపెట్టాడు. పట్టుబడితే ఏమౌతుందో తెలియనివాడు కాదు. అనుమతి లేకుండా లాసాకు వచ్చిన ఒక చీనావానికి బహిరంగంగా శిరచ్ఛేదం జరగడం చూసినవాడు. 1867లో థోక్ జాలుంగ్ బంగారు గనులకు, 1874లో లేహ్‌నుండి లాసా మీదుగా తవాంగ్‌కు, అక్కడినుండి అస్సాంకు చేరాడు. లాసా ఎక్కడున్నదో ప్రపంచానికి సరిగా తెలిసినది అతని వల్లనే. అతని పినతండ్రి కుమారుల తరంవాడైన కిషన్ సింగ్ 1878లో బయలుదేరి టిబెట్టు దాటి తున్‌హువాంగ్ దాకా పోయి నాలుగేళ్ళకు తిరిగివచ్చాడు. లండన్ భూగోళ సంఘం 1877లో నైన్ సింగ్‌కు స్వర్ణపతకం ఇచ్చింది. అంతకుముందు ప్రచురించిన నివేదికలలో అతని పేరు లేదు. పండిట్ అనే ఉన్నది.

ఈ చరిత్రను సాహసగాథగా చెప్పుకోవడం తేలిక. హిందీలో ఉమా భట్, శేఖర్ పాఠక్ నైన్ సింగ్ జీవితాన్నీ రచనలనూ కలిపి 2006లో ‘ఏషియా కీ పీఠ్ పర్’ అన్న గొప్ప గ్రంథం వెలువరించారు. దానికి ముందు 2004లో భారత తపాలాశాఖ అతని బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. ఈ గౌరవాలన్నీ న్యాయమైనవే. కాని మిలంలో కూర్చుని ఆలోచిస్తే ఇంకొక సంగతి మనసును కలచివేస్తుంది. రాతిముక్క పగులగొట్టి పంచుకున్న నమ్మకం పుణ్యమా అని తెరిచి ఉన్న దారి అది. ఆ నమ్మకం చాటునే జపమాల లోపలికి వెళ్ళింది. నైన్ సింగ్ దీనిని ఎలా భావించాడో? అతడు తన జీతగాడి బాధ్యత నెరవేర్చాడు. అప్పులలో ఉన్న కుటుంబాన్ని నిలబెట్టాడు. విద్యమీద నిజమైన ఆసక్తి ఉన్నవాడు కనుక కొలతలోని ఆనందాన్నీ పొంది ఉంటాడు. అతనిని గూఢచారి అని తీసిపారవేయడం నాకు ఇష్టం లేదు. అయినా 1904లో యంగ్‌హస్బెండ్ నాయకత్వాన బ్రిటిష్ సేన లాసాలో ప్రవేశించేనాటికి ఆ నగరం పటంమీద ఎక్కడున్నదో వెతుక్కోవలసిన అవసరం లేకపోయిందన్న వాస్తవాన్నీ దాచడం ఇష్టం లేదు.

పటాలు వచ్చాక గీతలు వచ్చాయి. అంతకుముందు కనుమ అంటే దాటే చోటు. గీత వచ్చాక అది ఆగే చోటు అయింది. ఈ మార్పు ఒక్క రోజులో జరగలేదు. 1954 ఏప్రిల్ 29న భారత చీనాల నడుమ టిబెట్టు వ్యాపారంపై కుదిరిన ఒప్పందంలో వ్యాపారులు, యాత్రికులు దాటదగిన ఆరు కనుమలను పేర్కొన్నారు. షిప్కీ, మానా, నీతి, కుంగ్రీబింగ్రీ, దార్మా, లిపులేఖ్. అంటే మిలంవారి దారి మొట్టమొదటిసారిగా రెండు పెద్ద ప్రభుత్వాల ఒప్పందంలో పేరుతో సహా ఎక్కింది. ఎనిమిదేళ్ళ గడువు 1962 జూన్‌లో ముగిసింది. దానిని పునరుద్ధరించలేదు. అక్టోబరులో యుద్ధం వచ్చింది.

ఆ ఏడు అవతల మిత్రుల దగ్గర ఉండిపోయిన బాకీలు, ఉన్ని, మందలు తిరిగి రాలేదని దాజ్యూ చెప్పాడు. ఆయనకు అప్పటికి పదేళ్ళు. కొన్నాళ్ళు అందరూ ఎదురుచూశారట. ప్రతి వసంతంలో పైకి రావడం, ఇళ్ళు ఊడ్చుకోవడం, దారి తెరుస్తారేమోనని వాకబు చేయడం. తరువాత కొందరు రావడం మానివేశారు. 1967లో భోటియాలను షెడ్యూల్డు తెగలలో చేర్చారు. చదువుమీద మొదటినుండి శ్రద్ధ ఉన్న జాతి గనుక పిల్లలు త్వరలోనే అల్మోడా, లక్నో, ఢిల్లీ చేరి ఉద్యోగాలలో రాణించారు. ఈ విజయాన్ని తక్కువ చేయరాదు. ఊరు ఖాళీ కావడానికి అదీ ఒక కారణమే. పేదరికం ఒక్కటే ఊళ్ళను ఖాళీచేయదు.

లిపులేఖ్ ద్వారా 1992లో, షిప్కీ ద్వారా 1994లో వ్యాపారం తిరిగి మొదలై, 2020లో మహమ్మారి నాడు ఆగింది. 2025 ఆగస్టులో లిపులేఖ్, షిప్కీ, నాథూలా కనుమలను మళ్ళీ తెరవడానికి ఉభయదేశాలు అంగీకరించాయి. ఆ జాబితాలో కుంగ్రీబింగ్రీ లేదు. సరిహద్దు గ్రామాలలో మళ్ళీ జనాన్ని నిలపడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పథకంలో 19 జిల్లాలలోని 46 బ్లాకులు ఉన్నాయి. రోడ్లు, విద్యుత్తు, ఫోను, యాత్రికులకు వసతి. అవసరమైనవే. కాని మిలం వ్యవసాయంమీదనో యాత్రికులమీదనో కట్టిన ఊరు కాదు. అవతలివైపు ఒక సంత ఉన్నందున కట్టిన ఊరు. ఆ సంగతి లెక్కలోకి తీసుకోకుండా వేసే అంచనా ఏదైనా సగమే అవుతుందని నా అభిప్రాయం.

మరునాడు ఉదయం దాజ్యూతో హిమానీనదం వైపు నడిచాను. ఊరిపేరే దానికీ పెట్టారు. పదహారు కిలోమీటర్ల పొడవని వ్రాస్తారు. మంచునది అంటే తెల్లగా ఉంటుందని ఊహించుకుని వెళ్ళేవారికి నిరాశే. పైనంతా రాళ్ళు, మట్టి కప్పి బూడిదరంగులో ఉంటుంది. అడుగున గుహలాంటి నోటినుండి గోరీగంగ చల్లని ఊపిరితో బయటపడుతుంది. దాజ్యూ తన చేతికర్రతో ఒక బండరాయిని చూపించి, తాను మేకలు కాచే వయసులో మంచు అక్కడిదాకా ఉండేదన్నాడు. అక్కడినుండి ఇప్పటి మంచు అంచు వరకు నేను అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఊపిరి అందక మూడువందల దగ్గర లెక్క తప్పింది.

తిరిగి వచ్చేసరికి ఆయన భార్య, ఇంకా ఇద్దరు స్త్రీలు కూలిన ఇళ్ళ వెనుకనున్న మడిలో బంగాళాదుంప విత్తనం నాటుతున్నారు. రాతిగోడ నీడలో పాత మంచు ఒక గంపంత మిగిలి ఉన్నది. ఆ రోజే దిగిపోతానని చెబితే, “దీపావళికి ముందే మేమూ దిగుతాం. మున్స్యారీలో మా ఇల్లు బజారు వెనుకనే. చలికాలంలో రా, దాజ్యూ ఊరికే కూర్చుని ఉంటాడు” అని ఆమె చేతులకు అంటిన మట్టి దులుపుకుని, నా సంచిలో ఎండిన జంబూ ఆకు ఒక గుప్పెడు పోసింది. పప్పులో పోపు పెట్టుకొమ్మని చెప్పింది.